నీళ్లు పడ్డ బోరుకు సిమెంటు

నేను సర్పంచినయ్యేనాటికి మా ఊరికి తాగునీళ్లిచ్చేది ఒకే ఒక్క బావి. ఐరాల నుంచి కొండవైపు వచ్చే దారిలో, వంక ఒడ్డున తవ్విన బావి అది. మోటారుతో నీళ్లు ట్యాంకుకెక్కించి, రెండు రోజులకొకసారి వీధి కొళాయిలకు వదిలేవాళ్లం. రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లవి. వరసగా వానలు లేవు. చెరకు లేక మా బెల్లం గానుగ ఆగిపోయింది. పొలాల్లో బోర్లు ఒకటి తర్వాత ఒకటి ఎండిపోతున్నాయి. ఆ బావి మాత్రం ఎందుకో అడుగంటలేదు.

సర్పంచి పదవి నేను కోరుకున్నది కాదు. ఆ విడత మా పంచాయతీ ఆడవాళ్లకు వచ్చింది. ఇంట్లో పదో తరగతి దాకా చదివిన కోడలిని నేనొక్కదాన్నే. మా ఆయన, వాళ్లన్న ఇద్దరూ వసారాలో కూర్చుని మాట్లాడుకుని, లోపల సంగటి కెలుకుతున్న నన్ను పిలిచి నామినేషన్ కాగితం ముందు పెట్టారు. సంతకం చేశాను. మొదటి ఏడాదంతా నేను చేసిన పని కూడా అదే. పంచాయతీ కార్యదర్శి వారానికొకసారి మోటారు సైకిల్ మీద వచ్చేవాడు. కాగితాల కట్టను ఒక్కొక్కటిగా పైకెత్తి, కింద సంతకం పెట్టే చోటు చూపించేవాడు. నేను పెట్టేదాన్ని. ఆయన మజ్జిగ తాగి వెళ్లిపోయేవాడు.

వంక దగ్గరికి జీపు వచ్చిందని నాకు మొదట చెప్పింది కొళాయిలకు నీళ్లు వదిలే మనిషి. ముగ్గురు రాళ్లు కొట్టి సంచుల్లో వేసుకుంటున్నారని, ఒకాయన చేతిలో ఉన్న పెట్టెను బండకు ఆనిస్తే టిక్కు టిక్కు మంటోందని చెప్పాడు. నేను కొంగు సర్దుకుని వెళ్లాను. వాళ్లలో పెద్ద ఆఫీసరు కోస్తా మనిషి. మర్యాదగా నమస్కారం పెట్టి, నా భుజం మీదుగా వెనక్కి చూస్తూ, సర్పంచి గారు రాలేదా అని అడిగాడు. నేనే అన్నాను. ఆయన కొంచెం తడబడి, భూమిలో ఏముందో చూస్తున్నామని, మామూలు సర్వేనేనని చెప్పాడు. ఏమున్నా లేకపోయినా మాకు కావలసింది నీళ్లేనని నేనంటే నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. అందులో తప్పేమీ లేదు నిజానికి.

నెల తిరక్కుండానే పెద్ద బోరు బండి వచ్చింది. బావికి కూతవేటు దూరంలో, మా బావ వాటాకు వచ్చిన బీడు నేలలో దాన్ని నిలబెట్టారు. మా బావంటే మా ఆయన అన్న. గవర్నమెంటోళ్లు కరువు చూసి బోరు వేయిస్తున్నారని ఊరంతా అనుకుంది. కొందరు కొబ్బరికాయ కొట్టి కర్పూరం వెలిగించారు. అది మామూలు బోరు బండిలా దుమ్ము లేపలేదు. గుండ్రటి రాతి కడ్డీలను పైకి తీస్తోంది. వాటిని పొడుగాటి చెక్క పెట్టెల్లో వరసగా పేర్చి, మీద అంకెలు రాసుకుంటున్నారు.

నాలుగో రోజో ఐదో రోజో నీళ్లు పడ్డాయి. బురదగా మొదలై, తర్వాత తేటగా, బొంగరంలా తిరుగుతూ పైకి వచ్చాయి. చేలల్లో ఉన్న ఆడవాళ్లు సైతం బిందెలు తీసుకుని పరిగెత్తుకొచ్చారు. ఆ పూటంతా వంక ఒడ్డున తిరునాళ్లలా ఉంది. నేను కూడా రెండు బిందెలు పట్టుకున్నాను. వాళ్లు మాత్రం ఆ నీళ్లకేసి చూడనైనా చూడలేదు. ఇంకా లోతుకు దింపి, ఇంకా రాళ్లు తీసి, వారం తర్వాత గొట్టాలు పైకి లాగేశారు. ఆ తర్వాత సిమెంటు కలిపి ఆ గుంతలోకి పోశారు.

నేను అక్కడే ఉన్నాను. ఆఫీసరు దగ్గరికి వెళ్లి అడిగాను.

“నీళ్లు పడినాయి కదా సార్, ఎందుకు మూసేస్తా ఉండారు?”

“మాకు కావలసింది నీళ్లు కాదండీ. పని అయ్యాక మూసెయ్యాలి, అది రూలు” అన్నాడాయన.

ఆ మాట ఊళ్లోకి నాకంటే ముందే పోయింది. కరువులో నీళ్లు పడ్డ బోరుకు సిమెంటు పోసే మనుషులు ఎలాంటివాళ్లు? కొండలో పాళెగాళ్ల బంగారం ఉందని ఒకరు, మిలిటరీ వాళ్లు వస్తున్నారని ఇంకొకరు, ఊరినే లేపేస్తారని మరొకరు. నీళ్లు వదిలే మనిషి పెట్టెల దగ్గర పడి ఉన్న విరిగిన రాతి ముక్క ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు. బూడిద రంగులో ఉంది. అందులో నాకేమీ కనిపించలేదు.

పదో తరగతిలో నాకు సైన్సు చెప్పిన అయ్యవారు రిటైరై చంద్రగిరిలో ఉండేవారు. ఆ రాయిని రుమాలులో కట్టి, సంచిలో వేసుకుని బస్సెక్కాను. ఆయన దాన్ని కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి, చూసి చెప్పడం తన వల్ల కాదన్నారు. టిక్కు మనే పెట్టె సంగతి చెప్పేసరికి రాయిని బల్ల మీద పెట్టేసి చేతులు పంచెకు తుడుచుకున్నారు. యురేనియం అనే మాట నేను మొదట విన్నది ఆయన నోటనే. వేరే జిల్లాలో గనుల గురించి పేపర్లో గొడవలు వస్తున్నాయని చెప్పారు.

“తవ్వేది రాయి ఒక్కటే కాదు పాపా. దాన్ని పిండి చేసి, కడిగి, మిగిలిన బురదను యాడో ఒక తావ పోయాల. మీ వంక పక్కన పోస్తే ఆ బావి నీళ్లు నేనయితే తాగను. ఇప్పుడేసిన ఈ ఒక్క బోరుతో ఏమైనా అవుతుందా అంటే, నాకు తెలీదు.”

తిరిగి వచ్చేటప్పుడు ఆ రాయి ఒళ్లో ఉన్న సంచిలోనే ఉంది. పక్కన పిల్లలకని కొన్న పళ్లున్నాయి. పాకాల దాటాక నా వల్ల కాలేదు. రుమాలుతో సహా రాయిని కిటికీలోంచి విసిరేశాను. బస్సు కొంచెం ముందుకు పోయాక, రోడ్డు పక్కనే ఎవరిదో బావి కనిపించింది. ఆ రోజు పళ్లు కూడా పిల్లలకు పెట్టలేదు, ఆవుకు వేశాను. ఆవు పాలు పిల్లలే తాగుతారని తర్వాత గుర్తొచ్చింది.

అప్పటినుంచి నా కంటికి అన్నీ వేరుగా కనబడడం మొదలైంది. బోరు వేసింది బావ నేలలో. ఆయన ఒప్పుకోకుండా బండి ఎలా దిగుతుంది? ఒకరోజు ఐరాల బస్టాండులో నేను బస్సు కోసం నిలబడి ఉంటే, సర్వే వాళ్ల తెల్ల జీపు వచ్చి ఆగింది. అందులోంచి బావ దిగాడు. నన్ను చూసి, చూడనట్టు టీ కొట్టు వైపు వెళ్లిపోయాడు. ఇంటికొచ్చి ఆ సంగతి మా ఆయనకు చెప్పబోయి ఆగిపోయాను. ఈయనకూ తెలిసే ఉంటుందేమో అనిపించింది. అదే ఇంట్లో, అదే వసారాలో, బావ నాతో మాట్లాడడం మానేశాడు. నీళ్ల చెంబు పిల్లల చేత పంపిస్తే తీసుకునేవాడు, నేను ఇస్తే వద్దనేవాడు. అది తప్పు చేసినవాడి మొహమే అనుకున్నాను. కొళాయి దగ్గర మరో రకం. బోరు మా ఇంటివాళ్ల నేలలోనే కదా, నేను బిందెతో వెళ్తే ఆడవాళ్ల మాటలు ఆగిపోయేవి.

ఇంతలో కార్యదర్శి కాగితాల కట్టతో వచ్చాడు. అన్నీ ముసలివాళ్ల పింఛన్ల కాగితాలే. వాటి మధ్యలో ఒకటి పొడుగ్గా, వేరే రంగులో ఉంది. దాన్ని బయటికి లాగి చదివాను. మా పంచాయతీ హద్దుల్లో మరిన్ని బోర్లు వేసి ఖనిజాన్వేషణ కొనసాగించడానికి గ్రామ ప్రజలకు ఎలాంటి అభ్యంతరమూ లేదని ఉంది. కింద నా పేరు, సంతకానికి ఖాళీ.

“ఇది మామూలు కాగితమేనమ్మా. పైనుంచి అడిగినారు. మనం వద్దన్నా ఆగేది కాదు” అన్నాడు కార్యదర్శి.

“ఆగనిదానికి నా సంతకం ఎందుకు?”

పింఛన్ల కాగితాలన్నింటి మీదా సంతకం పెట్టి, ఆ ఒక్కటీ ఖాళీగా తిరిగి ఇచ్చాను. ఆరోజు అన్నం తింటూ మా ఆయన, ఆఫీసు వాళ్లతో మనకెందుకు, పెట్టేస్తే పోయేదిగా అన్నాడు. కాగితం సంగతి ఈయనకెవరు చెప్పారని ఆలోచిస్తూ నేను ముద్ద నోట్లో పెట్టుకోవడం మర్చిపోయాను. అడిగితే, కార్యదర్శి దారిలో కనిపించి చెప్పాడన్నాడు. నిజమే అయ్యుండవచ్చు. నేను నమ్మలేదు.

బడి ముందర గ్రామ సభ పెట్టించాను. అంతకుముందు సభలు ఇద్దరు ముగ్గురితో, పుస్తకంలోనే జరిగిపోయేవి. ఈసారి ఆడవాళ్లు ఖాళీ బిందెలతో వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. మా ఆయన చివర చెట్టు కింద నిలబడ్డాడు. బావ రాలేదు. రాకపోవడం నేను గమనించానని ఊరంతా గమనించింది.

ఆఫీసరు వచ్చాడు. ఇది గని కాదు, వెతుకులాట మాత్రమేనని, గని తవ్వాలంటే అందుకు వేరే అనుమతులు, వేరే సభలు ఉంటాయని, మా బావి నీళ్లకు ఏ భయమూ లేదని ఓపికగా చెప్పాడు. అప్పుడు వంక పక్క వీధిలో ఉండే ఒక ముసలామె లేచింది. కూలికి పోయి బతికే మనిషి, సభల్లో ఎప్పుడూ మాట్లాడింది లేదు. చెంబు నిండా నీళ్లు తీసుకుని ముందుకు వచ్చింది.

“ఇవి ఆ బావి నీళ్లే నాయనా. తాగు.”

ఆయన చెంబు అందుకుని, పైకెత్తి, ఒక్క చుక్క మిగల్చకుండా తాగాడు. మేమెవరమూ అది అనుకోలేదు. సభ కొంచెం మెత్తబడినట్టే అయింది. ముసలామె ఖాళీ చెంబు తీసుకుని అక్కడే నిలబడింది.

“ఈ పొద్దు తాగితివి, సరే. గని తవ్వినాక ఇరవై ఏండ్లు ఈడ్నే కాపురం ఉండి తాగుతావా?”

ఆయన మాట్లాడలేదు. పాపం, ఏం చెప్తాడు? ఆయన పని ఆయన చేస్తున్నాడు. ఆ మౌనాన్ని మాత్రం మేము జవాబుగానే తీసుకున్నాం.

తాగునీటి బావి దగ్గర బోర్లు గానీ గని గానీ మా పంచాయతీకి సమ్మతం కాదని తీర్మానం రాయించాను. నేను చెప్తుంటే కార్యదర్శి రాశాడు. రాసింది నేను తీసుకుని గట్టిగా చదివాను. సంతకాలు, వేలిముద్రలు అయ్యాక, పేజీలో మిగిలిన ఖాళీ మీద అడ్డంగా గీత కొట్టించాను. తర్వాత పుస్తకం ఆయనకివ్వలేదు.

“అది ఆఫీసులో ఉండాలమ్మా, రూలు” అన్నాడు.

“ఆఫీసు తాళం మీ తావే ఉండాది కదప్పా” అన్నాను.

ఆయన మొహం ఎర్రబడింది. అంతమంది ముందు ఆ మాట అని ఉండకూడదేమో. పుస్తకాన్ని ఇంటికి తెచ్చి, నా చీరల పెట్టెలో అడుగున పెట్టి తాళం వేశాను. తాళం చెవిని మంగళసూత్రానికి కట్టుకున్నాను. మా ఆయన అది చూశాడు.

సోమవారం కలెక్టరు గారు అర్జీలు తీసుకునే రోజు. తీర్మానం నకలు చేత్తో రాసుకుని, ఒక్కదాన్నే చిత్తూరు బస్సెక్కాను. నకలు ఒకటి సంచిలో, ఇంకొకటి జాకెట్టులో. ఆఫీసు దగ్గర వరస అప్పటికే వరండా దాటి ఎండలోకి వచ్చింది. నిలబడి ముందుకు చూస్తే, పదిమందికి అవతల తెల్ల చొక్కా, మెడ మీద తువ్వాలు. మా బావ.

మనసులో అనుకున్నదంతా నిజమైపోయిందనిపించింది. నేను వస్తానని తెలిసి, నాకంటే ముందే వచ్చి, తన నేలలో తవ్వుకోమని అర్జీ ఇస్తున్నాడు. వరస వదిలి ఆయన దగ్గరికి నడిచాను. నన్ను చూసి ఆయన కూడా అదిరిపడ్డాడు.

“నువ్వు ఈడికెందుకు వచ్చినావు?”

“మీరెందుకు వచ్చినారు బావా?”

ఆయన చేతిలోని కాగితాలు నా ముందుకు చాపాడు. పైది అర్జీ. నాకు చెప్పకుండా నా నేలలో బోరు వేశారు, ఊరి బావి పక్కన ఈ పని ఆపించమని ఉంది. కింద ఇంకో కాగితం, నకలు. సర్వే బృందం మా పంచాయతీ హద్దుల్లోకి వచ్చి, అవసరమైన చోట బోరు వేసుకోవడానికి పంచాయతీ సమ్మతిస్తున్నదని ఉంది. తారీఖు ఏడాది కిందటిది. కింద సంతకం నాది.

నా సంతకంలో చివరి అక్షరం కిందికి సాగుతుంది. అది దొంగ సంతకం అనుకోవడానికి వీల్లేదు.

“వాళ్ల క్యాంపుకి జీపులో పోయి గొడవ పడితే ఇది చూపించినారు. మీ ఇంటి సర్పంచే రాసిచ్చింది, నీకు తెలీదా అని అడిగినారు నన్ను. తమ్ముడికి చెప్తే ఇల్లు రెండవుతుంది. గమ్మునుండిపోయినా.”

చదవకుండా పెట్టాను బావా అని చెప్పాను. నా సంచిలో నుంచి తీర్మానం నకలు తీసి ఇచ్చాను. ఆయన ఎండలోనే నిలబడి, పెదాలు కదిలిస్తూ, చివరిదాకా చదివాడు. తర్వాత ముందున్న వాళ్లను బతిమాలి నన్ను తన పక్కన నిలబెట్టుకున్నాడు. ఇద్దరమూ కలిసి రెండు అర్జీలూ ఇచ్చాం. లోపల గుమాస్తా రెండింటి మీదా ముద్ర వేశాడు. ఆ ముద్రలో తారీఖు సరిగ్గా పడిందో లేదో బావ రెండుసార్లు చూశాడు.

తిరుగు బస్సులో ఆయన ఇంకో సంగతి చెప్పాడు. సిమెంటు పోయకముందే ఆ బోరు నీళ్లు సీసాలో పట్టి తిరుపతిలో పరీక్షకు తీసుకెళ్లాడట. అక్కడివాళ్లు ఫ్లోరైడు ఎక్కువుందని చెప్పారట. యురేనియం సంగతి అడిగితే, అది చూడడానికి మా దగ్గర సామాను లేదు అన్నారట. అది నిజమో, చెప్పడం ఇష్టం లేకో తెలియలేదని అన్నాడు. నెలన్నరగా ఒకే కప్పు కింద ఇద్దరమూ ఒకరినొకరం అనుమానించుకుంటూ ఒకే పని చేశాం. అది తలుచుకుని నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

కార్యదర్శిని అడిగాను. ఆ కాగితం మీద నాతో సంతకం ఎప్పుడు పెట్టించారని.

“చదివి వినిపించే పెట్టించుకున్నానమ్మా. పొయ్యి మీద ఏదో ఉండాదని మీరే తొందరపెట్టినారు” అన్నాడు.

నాకు గుర్తులేదు. అట్లా జరగలేదని ప్రమాణం చేసి చెప్పలేను. పొయ్యి మీద ఎప్పుడూ ఏదో ఒకటి ఉండేది. ఆయన అబద్ధమాడుతున్నాడని ఒకసారి, నిజం చెప్తున్నాడని ఒకసారి, ఇన్నేళ్లుగా రెండు రకాలుగానూ అనుకుంటూనే ఉన్నాను.

తర్వాతి గ్రామ సభలో లేచి, మొదటి కాగితం మీద సంతకం నాదేనని చెప్పాను. చెప్పొద్దని మా ఆయన ముందురోజు నుంచీ బతిమాలాడు. బావ మాత్రం, నీ ఇష్టమమ్మా అన్నాడు. సభలో ఎవరూ తిట్టలేదు. అంతకంటే కష్టంగా, కొందరు లేచి బిందెలు తీసుకుని వెళ్లిపోయారు. చెంబు తెచ్చిన ముసలామె వెళ్లలేదు. ఆ మొదటి సమ్మతిని రద్దు చేస్తూ రెండో తీర్మానం రాయించాం. దాని మీద మొదటి వేలిముద్ర ఆమెదే.

రెండో బోరు వేయలేదు. ఒకరోజు బండి, పెట్టెలు, గుడారాలు అన్నీ సర్దుకుని వెళ్లిపోయారు. మా తీర్మానం వల్లనా, అర్జీల వల్లనా, ఆ రాళ్లలో వాళ్లకు కావలసింది దొరకలేదా, ఎవరూ చెప్పలేదు. పోయేరోజు ఆఫీసరు మా ఇంటి ముందు జీపు ఆపి, ఇక్కడ చెప్పుకోదగ్గదేమీ లేదండీ, నిశ్చింతగా ఉండండి అన్నాడు. ఉంటే మాత్రం నాకు చెప్తాడా అనుకున్నాను. మండలాఫీసు నుంచి, మీ తీర్మానం పరిశీలనలో ఉంది అని ఒక ముక్క వచ్చింది. అంతకు మించి ఏదీ రాలేదు. ఆ ఏడాది చివర్లో వానలు పడ్డాయి. బావి నీళ్లు తాగడం కొందరు మానేశారు, ఎక్కువమంది మానలేదు. మానుకుని తాగడానికి ఇంకో చోటు ఉండాలి కదా.

నా విడత అయిపోయాక సీటు జనరలైంది. మా ఆయన వాళ్లన్నను నిలబడమన్నాడు. బావ వద్దని, ఈసారి కూడా ఆమెనే నిలబడనీ, ఇప్పుడు చదివి పెడుతుంది అన్నాడు. ఈసారి ఎవరూ వంటింట్లోంచి పిలవలేదు. నామినేషన్ కాగితం మండలాఫీసు నుంచి నేనే తెచ్చుకుని, మొదటి వరస నుంచి చివరిదాకా చదివి సంతకం పెట్టాను.

ఓడిపోయాను. అవతలివాళ్లు వీధివీధిలో ఆ మొదటి సంతకం గురించే చెప్పారు. వాళ్లు చెప్పినదాంట్లో అబద్ధం లేదు, వాళ్లకు ఆ సంగతి తెలిసింది నా నోటి ద్వారానే. అందుకని వాళ్ల మీద నాకు కోపం రాలేదు. నాకెవరు ఓటు వేశారో, ఎవరు వేయలేదో మొహాల్లో వెతకడం మాత్రం చాలా రోజులు మానలేకపోయాను.